లీడ్ దాచుకోండి, తెలిసిన సంగతి మాత్రం చెప్పండి

హైదరాబాద్‌లో రియల్ ఎస్టేట్ ఆఫీసులు నడుపుతున్న అన్నలకు, ఏజెంట్ల సంఘాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అందరికీ నమస్తే.

నేను ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ప్లాట్లు, ఫ్లాట్లు, రీసేల్ ఇళ్లు చూపించే ఏజెంట్‌ని. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉంది. జీతం లేదు, కమిషన్ మీదే బతుకు. కూర్చునేది ఒక ఆఫీసులో అయినా డీల్స్ కోసం ఇంకో రెండు మూడు ఆఫీసులతో కలిసి తిరుగుతుంటాను. కాబట్టి మీ ఆఫీసులు బయటి బోర్డు నుంచి లోపలి టీ బల్ల దాకా ఎలా నడుస్తాయో నాకు కొంత తెలుసు. మన ఏజెంట్లు తమకు తెలిసింది పక్క కుర్చీలో ఉన్నవాళ్లకు ఎందుకు చెప్పరు, అలా చెప్పకపోవడం వల్ల మన పనిలో కొత్తదనం ఎలా ఆగిపోతోంది అన్న సంగతి మాట్లాడాలని ఇది రాస్తున్నాను.

ఈమధ్య ఏ ఆఫీసు మీటింగ్‌కి వెళ్లినా 'ఇన్నోవేటివ్‌గా ఆలోచించాలి' అనే మాట వినిపిస్తోంది. తీరా చూస్తే దాని అర్థం డ్రోన్ వీడియో తీయించడం, రీల్ చేయడం, కొత్త యాప్‌లో లీడ్లు, అంటే కొనేవాళ్ల వివరాలు, ఎక్కించడం. డ్రోన్ నుంచి చూస్తే ఏ వెంచర్ అయినా ముద్దుగానే ఉంటుంది. పక్క వెంచర్ వాళ్లు కూడా అదే కెమెరా అబ్బాయిని పిలిపించి, అదే పాట పెట్టించి వారం తిరిగేలోపు వదులుతారు. కొనేవాళ్లు ఆ వీడియో మొత్తం చూసి చివర్లో నన్ను అడిగేది ఒకటే: "మేడమ్, దీనికి లోన్ వస్తుందా?" దానికి జవాబు మన ఆఫీసుల్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. ఆ తెలిసినవాళ్లు మాత్రం నోరు విప్పరు.

ఒక ప్లాట్ సంగతి చెప్తాను. ఆఫీసు పేరు, కాలనీ పేరు వద్దు. 200 గజాలు, తూర్పు ఫేసింగ్, ముందు 30 అడుగుల రోడ్డు, రేటు కూడా న్యాయంగానే ఉంది. ఒకే ఆఫీసులో ముగ్గురు ఏజెంట్లు వేర్వేరు నెలల్లో వేర్వేరు పార్టీలకు దాన్ని చూపించారు. మొదటి పార్టీ బయానా (అడ్వాన్సు) ఇచ్చి లోన్‌కి పెట్టుకుంటే బ్యాంకు ప్యానెల్ అడ్వకేట్ ఫైల్ వెనక్కి పంపాడు. లింక్ డాక్యుమెంట్లలో, అంటే ఆ ప్లాట్ పాత అమ్మకాల కాగితాల్లో, ఒకచోట జీపీఏ (ఓనర్ తరఫున అమ్మే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) మీద అమ్మకం జరిగింది. ఆ జీపీఏ ఇచ్చిన ఓనర్ అమ్మకం నాటికి బతికే ఉన్నాడని చూపించే కాగితం ఒక్కటీ ఫైల్లో లేదు. అతను అప్పటికే పోయి ఉంటే ఆ జీపీఏకి మామూలుగా విలువ ఉండదు, ఆ తర్వాత జరిగిన అమ్మకాలన్నీ అనుమానంలో పడతాయి. ఆ ఏజెంట్ ఓనర్ చుట్టూ తిరిగి తిరిగి, బతిమాలి, గొడవపడి బయానా వెనక్కి ఇప్పించాడు. ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు రెండో ఏజెంట్ అదే ప్లాట్ చూపించి, అదే అడ్వకేట్ దగ్గర అదే మాట విన్నాడు. ఆ తర్వాత మూడో ఆమె వంతు వచ్చింది. ముగ్గురి కుర్చీలూ ఒకే హాల్లో, ఒకే వరుసలో ఉంటాయి.

మొదటతను చెడ్డవాడేం కాదు. మీ గోడ మీద బోర్డులో ఆ నెల ఎవరు ఎన్ని క్లోజ్ చేశారో రాస్తారు. తప్పిపోయిన డీల్ గురించి నోరు విప్పితే చేతగానివాడన్న పేరు వస్తుంది. పైగా ఆ లోపం తనకొక్కడికే తెలిసి ఉంటే, రేపు ఓనర్ దాన్ని సరిచేయించుకున్న రోజు ముందు తనకే ఫోన్ వస్తుందన్న ఆశ కూడా ఉంటుంది. ఆ భయం, ఈ ఆశ రెండూ మన కమిషన్ లెక్కలోంచి వచ్చినవే. డీల్ అయితేనే డబ్బు, అది కూడా చివర్లో సంతకం పెట్టించినవాడికే అన్న పద్ధతి ఉన్నంతకాలం దాచుకున్నవాడే తెలివైనవాడు అవుతాడు. మనిషిని తిట్టి లాభం లేదు, లెక్క మార్చాలి.

ఇప్పుడు ఇంకో ఆఫీసు సంగతి. అక్కడ ఒక పెద్దాయన ఉన్నారు. ఈ వైపు వెంచర్లు రాకముందు నుంచీ మధ్యవర్తిత్వం చేసిన మనిషి. ఏ కుంట మత్తడి (అలుగు) ఎటు దూకుతుంది, ఏ కాలువను ఏ కాలనీ కింద పూడ్చారు, 2000 ఆగస్టు వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, 2020 అక్టోబర్ వానలకు ఎక్కడిదాకా వచ్చాయి, ఆయన నడుచుకుంటూ పోతూ చెప్పగలరు. కంప్యూటర్ జోలికి మాత్రం పోరు. అదే ఆఫీసులో కొత్తగా చేరిన ఒక కుర్రాడికి గూగుల్ ఎర్త్‌లో స్లైడర్‌తో పాత శాటిలైట్ ఫొటోలు వెనక్కి జరిపి చూడటం అలవాటు. అయితే అతనికి ఎక్కడ చూడాలో, ఏ నెల ఫొటో చూడాలో తెలియదు. ఎండాకాలం ఫొటో చూస్తే ఏ కుంట అయినా మైదానంలాగే కనిపిస్తుంది మరి.

ఒకరోజు ఏదో పార్టీ ఆలస్యం చేయడంతో ఇద్దరూ ఖాళీగా కూర్చున్నారు. పెద్దాయన "వానలు ఆగినాక చూడు రా, అప్పుడు తెలుస్తది" అన్నారు. కుర్రాడు అక్టోబర్, నవంబర్ ఫొటోలు ఒక్కొక్కటీ తీశాడు. ఆయన స్క్రీన్ మీద వేలు పెట్టి, నీళ్లు ఇటు నుంచి వచ్చి ఇటు పోయేవని గీసి చూపించారు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు, అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపేవి, ఉంటాయి. కుర్రాడు అవి కూడా తెచ్చి పక్కన పెట్టాడు. అప్పటి నుంచి ఆ ఆఫీసులో చెరువుకో కుంటకో దగ్గరున్న ఏ ప్లాట్ చూపించాలన్నా ముందు ఒక ఏ4 కాగితం తయారవుతుంది. వానల తర్వాతి పాత ఫొటోలు, ఎఫ్‌టీఎల్ మ్యాప్, అడుగున పెద్దాయన చెప్పిన రెండు వాక్యాలు. దానికి పేరేమీ పెట్టలేదు, 'నీళ్ల కాగితం' అంటారు అంతే.

2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చి కూల్చివేతలు మొదలయ్యాక కొనేవాళ్ల మొదటి ప్రశ్నే మారిపోయింది. అంతకుముందు ఫేసింగ్ ఏమిటని అడిగేవాళ్లు, ఆ తర్వాత చెరువు ఎంత దూరం అని అడగడం మొదలుపెట్టారు. చాలా ఆఫీసుల్లో మనవాళ్లు "అబ్బే, ఏం టెన్షన్ లేదు సార్" అని మాటతో సరిపెడుతుంటే ఈ ఆఫీసు వాళ్లు కాగితం తీసి చేతిలో పెట్టారు. కొన్ని ప్లాట్లు వాళ్లంతట వాళ్లే వద్దని చెప్పి పక్కన పెట్టేశారు కూడా. పెద్దాయనకు మత్తడి తెలుసు, స్లైడర్ తెలియదు. కుర్రాడికి స్లైడర్ తెలుసు, మత్తడి తెలియదు. నన్ను అడిగితే మన పనిలో కొత్తదనం అంటే ఇదే. ఇందులో ఎవరూ కొత్తగా కొన్న యంత్రం లేదు, కట్టిన ఫీజు లేదు. ఇద్దరి దగ్గర విడివిడిగా పడి ఉన్నది ఒకచోటికి వచ్చింది. ఆ పార్టీ టైముకి వచ్చి ఉంటే ఆ కాగితం పుట్టేదే కాదు. నా బాధ కూడా అదే, మన దగ్గర ఇలాంటివి ఎవరో ఆలస్యంగా వస్తే తప్ప జరగవు.

ఆలోచించండి, మన ఏజెంట్లకు తెలిసినవి ఎన్ని ఉంటాయో. ఏ బ్యాంకు గ్రామపంచాయతీ లేఅవుట్‌కి ఒప్పుకోదు, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏ కాగితం దగ్గర ఆపుతారు, ఏ సర్వే నంబర్‌లో ఒక ముక్క రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉండి మిగతాది బాగుంది, ఏ ఓనర్ అమ్మే ఉద్దేశం లేకుండా రేటు తెలుసుకోవడానికే ప్లాట్ మార్కెట్లో పెడతాడు. ఇవి చాలావరకు ఏ పోర్టల్లోనూ దొరకవు. పోర్టల్లో ఉన్నవి కూడా మారిపోతూ ఉంటాయి. 2020లో భూముల రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూ భారతి వచ్చింది. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్‌కి 2020 ఆగస్టు 26 కటాఫ్ పెట్టారు, 2025లో 25 శాతం రాయితీ ఇచ్చారు. మార్పు వచ్చిన ప్రతిసారీ మన ఆఫీసుల్లో ప్రతి ఏజెంట్ మొదటి నుంచి ఒంటరిగా నేర్చుకున్నాడు. ఎవరి దగ్గర? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన డాక్యుమెంట్ రైటర్ దగ్గర. నిజం చెప్పాలంటే మన అందరికీ యూనివర్సిటీ ఆయనే, ఒక టీ ఇప్పిస్తే చాలు.

మరి మన దగ్గర అసలు ఎవరూ ఏదీ పంచుకోరా అంటే, పంచుకుంటారు. సాయంత్రం సిట్టింగుల్లో. రెండో గ్లాసు తర్వాత ఏ బిల్డర్ డబ్బు తిప్పలేక ఇబ్బంది పడుతున్నాడు, ఏ ప్రీ లాంచ్‌లో (అనుమతులు రాకముందే అమ్మే ప్రాజెక్టులో) యూడీఎస్, అంటే భూమిలో విడదీయని వాటా, రాసిచ్చి భూమి ఇంకొకరికి తాకట్టు పెట్టారు, అన్నీ బయటికి వస్తాయి. ఆ బల్ల దగ్గర నాలాంటి ఆడవాళ్లు ఉండరు. తాగని మగవాళ్లూ ఉండరు, సాయంత్రం పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చుకోవాల్సినవాళ్లూ ఉండరు. మర్నాడు పొద్దున అదే ప్రీ లాంచ్ బ్రోచర్ పట్టుకుని మేం పార్టీకి ఫోన్ చేస్తుంటే, విషయం తెలిసినవాళ్లు పక్కనే కూర్చుని వింటూ ఊరుకుంటారు. ఇది ఎన్నిసార్లు చూశానో. ఈ మాట మీటింగులో అంటే "మేడమ్‌కి కూడా ఒక కూల్‌డ్రింక్ చెప్పండ్రా" అని నవ్వేస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, నా ఫోన్ నిండా అవే. ఒకే ప్లాట్ నాలుగు రేట్లతో, 'డైరెక్ట్ పార్టీ ఓన్లీ' అని, ఓనర్‌కే తెలియని ఫొటోలతో తిరుగుతూ ఉంటుంది. అక్కడ తిరిగేది సరుకు. ఆ సరుకు గురించి మనకు తెలిసింది ఒక్క ముక్క కూడా అందులోకి రాదు.

మీరు వెంటనే అనే మాట నాకు తెలుసు. "చెప్తే మన పార్టీని ఎత్తుకుపోతారమ్మా." ఇక్కడే మనం రెండు వేర్వేరు విషయాల్ని ఒకే బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం. పార్టీ పేరు, ఫోన్ నంబర్, అతని బడ్జెట్, అతనికి డబ్బు ఎంత అవసరం ఉంది, ఇవి దాచుకోవాల్సినవే. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టం కూడా వచ్చింది, ఎవరి నంబర్ పడితే వాళ్ల నంబర్ గ్రూపుల్లో పడేయడం ఎప్పుడూ తప్పే. ఒక సర్వే నంబర్ ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితంలో) ఏం కనిపించింది, ఒక బ్యాంకు ఫైల్ ఎందుకు వెనక్కి పంపింది, ఒక లేఅవుట్‌కి రెరా నంబర్ ఉందా లేదా, ఇవి దాచుకుని ఎవరూ బాగుపడలేదు. ఇవి తెలియకపోతే మాత్రం కొన్న కుటుంబం నాశనమవుతుంది, దానితోపాటు మీ ఆఫీసు పేరూ పోతుంది.

రెండో భయం ఇంకా గట్టిది. "అన్నీ నేర్పిస్తే రేపు రోడ్డుకు అటువైపు సొంత బోర్డు పెట్టుకుంటాడు." అవును, పెట్టుకుంటాడు. మీలో చాలామంది అలా పెట్టుకున్నవాళ్లే కదన్నా. నేర్పకపోయినా పోయేవాడు పోతాడు. అయితే అతను వెళ్లిన రోజు ఆఫీసులో ఏం మిగులుతుంది అన్నది చూడాలి. ఇప్పుడైతే ఏమీ మిగలదు, అంతా అతని తలలోనే ఉండిపోయింది కాబట్టి. ఆ నీళ్ల కాగితాలున్న ఆఫీసులో పెద్దాయన రేపు విశ్రాంతి తీసుకున్నా ఆయన చెప్పిన వాక్యాలు ఫైల్లో ఉంటాయి.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో 1800ల చివర్లోనే బ్రోకర్లు తమ సంఘం ఆఫీసులో కలిసి, ఎవరి దగ్గర అమ్మకానికి ఏమున్నాయో చెప్పుకునేవాళ్లు. నా ఇల్లు అమ్మడానికి నువ్వు సాయపడితే నీకు వాటా ఇస్తానన్న ఒప్పందం మీద ఆ పద్ధతి నిలబడింది. 1908లో చికాగోలో వాళ్ల జాతీయ సంఘం పుట్టింది. తర్వాత ఆ పద్ధతే ఎంఎల్‌ఎస్ (బ్రోకర్లు అమ్మకానికి ఉన్న ఇళ్లను పంచుకునే ఉమ్మడి జాబితా) అయింది, ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో రియల్టర్‌గా ఉన్న మన తెలుగువాళ్లకు పొద్దున లేస్తే చూసేది అదే. దాని మీద ఇప్పుడు ఎన్నో వెబ్‌సైట్లు, యాప్‌లు నడుస్తున్నాయి. ముందు పంచుకోవడం వచ్చింది, దాని మీద టెక్నాలజీ వచ్చింది. మనం యాప్ ముందు కొని, పంచుకోవడం ఎప్పుడో చూద్దాం అంటున్నాం.

అదే అమెరికా కథలో మనకు హెచ్చరిక కూడా ఉంది. ఎంఎల్‌ఎస్‌లోనే కొనుగోలుదారు ఏజెంట్‌కి ఎంత కమిషన్ ఇస్తారో పెట్టడం వల్ల రేట్లు తగ్గకుండా ఉన్నాయని అమ్మినవాళ్లు కేసులు వేశారు. 2024 మార్చిలో ఆ జాతీయ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది, ఆ ఆగస్టు నుంచి కమిషన్ ఆఫర్లు ఎంఎల్‌ఎస్‌లో పెట్టడం ఆపేశారు. మన దగ్గరా సంఘం అనగానే ముందు "అందరం రెండు శాతం కంటే తగ్గొద్దు" అనే తీర్మానం గుర్తొస్తుంది. అది పంచుకోవడం కాదు, కుమ్మక్కవడం. అలాంటివాటి మీద మన దేశంలోనూ చట్టం ఉంది. నేను అడుగుతున్నది దాని జోలికి పోకుండా చేయగలిగే పని.

జిరాక్స్ కంపెనీలో జరిగినది కూడా చెప్పాలి, మనకు పనికొస్తుంది. మెషిన్లు బాగుచేసే టెక్నీషియన్లు మాన్యువల్‌లో లేని చిట్కాలు కబుర్ల మధ్య ఒకరికొకరు చెప్పుకోవడం అక్కడి పరిశోధకులు గమనించారు. 1990లలో ఆ చిట్కాలన్నీ రాసి పెట్టే ఒక వ్యవస్థ కట్టారు. తోటి టెక్నీషియన్లే వాటిని సరిచూసేవాళ్లు, చిట్కా కింద దాన్ని చెప్పినవాళ్ల పేరు ఉండేది. ఆ పేరు కోసమే చాలామంది రాశారు. మన దగ్గర పేరు ఎవరికి వస్తుంది? దసరా ఫంక్షన్‌లో ఎక్కువ గజాలు అమ్మినవాడికి బైక్ ఇస్తారు. ఒక చెడ్డ ప్లాట్ నుంచి ఆఫీసు మొత్తాన్ని కాపాడిన మనిషిని స్టేజీ మీదకు పిలిచినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఇక మీరు చేయాల్సింది. అన్నిటికంటే ముందు చీటీ. సైట్ విజిట్‌కి ముందే ఒక కాగితం మీద ప్లాట్ తెచ్చింది ఎవరు, పార్టీని తెచ్చింది ఎవరు, కాగితాలు చూసింది ఎవరు అని రాసి ముగ్గురూ సంతకం పెట్టాలి, ఎవరి వాటా ఎంతో అక్కడే రాసుకోవాలి. ఈ మూడో గడి మన దగ్గర అసలు లేదు. ఈసీ తీసి, లింక్ డాక్యుమెంట్లు చదివి, లోపం పట్టినవాళ్లకు ఆ ప్లాట్ ఎప్పుడు ఎవరు అమ్మినా కొంత రావాలి. అది రాతలో ఉంటే పైన చెప్పిన ఆ మొదటి ఏజెంట్ నోరు మూసుకునేవాడు కాదు, ఆ లోపం అందరికంటే ముందు తనే రాసి పెట్టేవాడు. 'కట్ చేశాడు' (నన్ను తప్పించి డీల్ చేసుకున్నాడు) అనే గొడవలు కూడా సగం తగ్గుతాయి, ఎందుకంటే ఆ గొడవలన్నీ నోటి మాట మీద నడిచే డీల్స్‌లోనే వస్తున్నాయి.

వారం మీటింగులో మొదటి అరగంట పోయిన డీల్స్‌కి ఇవ్వండి. ముందు ఆఫీసు ఓనర్‌గా మీ చేతిలో పోయిన డీల్ గురించి చెప్పండి. మీరు చెప్పకుండా కుర్రాళ్లను చెప్పమంటే ఎవరూ చెప్పరు. చెప్పినది సర్వే నంబర్ వారీగా ఒక రిజిస్టర్‌లో పడాలి, గూగుల్ షీట్ అయినా సరే, కిరాణా కొట్టు నోట్‌బుక్ అయినా సరే. తేదీ, చూసిన కాగితం, కనిపించిన విషయం, రాసినవాళ్ల పేరు. అందులో మనుషుల మీద తీర్పులు వద్దు. 'ఫలానా సంవత్సరం జీపీఏ ఉంది, దానికి సంబంధించిన కాగితం లేదు' అని రాస్తే చాలు, 'ఓనర్ దొంగ' అని రాస్తే రేపు నోటీసు వస్తుంది. ఓనర్ లోపం సరిచేయించుకుంటే ఆ సంగతీ అదే వరుసలో రాయాలి, లేకపోతే మంచి ప్లాట్‌కి పాత మచ్చ మిగిలిపోతుంది. సిట్టింగులు మీ ఇష్టం, నేనెవరిని కాదనడానికి. అక్కడ విన్నది పొద్దున ఆఫీసులోకి రావాలి, అంతే.

సంఘాల పెద్దలకు వేరుగా ఒక మాట. 2016 రెరా చట్టం 10వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని ప్రాజెక్టులో అమ్మకాలకు ఏజెంట్ సాయపడకూడదు, బుకింగ్ సమయంలో కొనేవాళ్లకు రావాల్సిన సమాచారం, కాగితాలు అందేలా చూడాలి. కొనేవాళ్లకు అన్నీ చెప్పాలని చట్టం అంటుంటే, మనలో మనమే చెప్పుకోకపోతే ఆ పని ఎలా చేస్తాం? మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. ఇక్కడ కూడా అలాంటిది కావాలని మనమే తెలంగాణ రెరాని అడగడం మంచిది. అడిగేటప్పుడు ఒక షరతు పెట్టండి: సెక్షన్లు చదివి వినిపించే పవర్ పాయింట్ క్లాసులు మాకొద్దు. నిజంగా తప్పిపోయిన ఫైళ్లు, పేర్లు తీసేసి, ఎక్కడ ఆగాయో చూపిస్తూ పనిచేసే ఏజెంట్లే పాఠం చెప్పాలి. ఆ నీళ్ల కాగితం పెద్దాయన లాంటివాళ్లకు డిగ్రీ లేకపోవచ్చు, ఒక గంట మాట్లాడనిస్తే ఏ ట్రైనర్‌కీ తీసిపోరు.

సంఘం వచ్చే మీటింగ్ ఎజెండాలో ఈ చీటీ సంగతి పెట్టండి. నమూనా నేనే రాసి తెస్తాను, తెలుగులో, ఒక్క పేజీలో. వాటా గడులు మూడు ఉంటాయి. పార్టీ దగ్గర తీసుకునే కమిషన్ ఎంత అన్న గడి దాంట్లో ఉండదు, అది మీరూ మీ పార్టీ తేల్చుకునేది. మీటింగ్ మాత్రం పగటిపూట, ఆఫీసులోనే పెట్టండి.

ఇట్లు,
ఉప్పల్ వైపు పనిచేసే ఒక ఏజెంట్